ఈనస్ బావ ట్రిగ్గర్

నవంబరు 3, సోమవారం

రోజూ రక్తపోటు రాసుకోమని డాక్టరు చెబితే వర్నా ఈ డైరీ కొనిచ్చింది. రక్తపోటు తప్ప మిగతావన్నీ ఇందులో రాస్తానని ఆవిడకి తెలీదు.

ఈ ఏడు నేను చెట్టు మంచె ఎక్కకూడదట. చెప్పినవాడు కుర్రాడు, నా బూట్లకున్నంత వయసు కూడా లేదు వాడికి. జింకల వేట మొదలయ్యే రోజున, మా కొండల్లో పెళ్ళిళ్ళు కూడా వాయిదా వేసుకునే రోజున, నేను ఇంట్లో కూర్చుని ఉప్పులేని సూపు తాగాలట. నా బదులు వర్నా వెళ్తుంది, నా రైఫిల్ పట్టుకుని. ఆవిడ నాకన్నా బాగా కాలుస్తుందని ఆవిడ అన్నగారు ఊరంతా చాటుతుంటాడు. అది నిజం కావడమే ఇందులో బాధ.

నవంబరు 5, బుధవారం

ఆ అన్నగారే వేంచేశాడు. తుపాకీ పెట్టె చంకలో, మొహంలో అవమానం. పోయినేడాది కొమ్ములకు ఎనిమిది కొనలున్న మగజింక ఎదురుగా నిలబడి ఇంచుమించు ఫొటోకి ఫోజిస్తే ఈనస్ బావ దాని పక్కనున్న చెట్టుని కాల్చాడు. మా వేట క్యాంపులో గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరూ ఏడూ రాసి గోడకు మేకులతో కొడతారు. ఈనస్ బావ ముక్కలన్నీ కలిపి కుడితే దుప్పటి అవుతుంది. పోయినేడాదిది మరీ కొత్త ఉన్ని చొక్కా.

“ఇది ట్రిగ్గరా, ఎద్దు ముక్కుతాడా బావా? నేను లాగేలోపు జింక వెళ్ళి, నీళ్ళు తాగి, తిరిగొచ్చింది” అన్నాడు.

“ట్రూడీకి చూపించకపోయావా?” అన్నాను, చూపించాడని తెలిసే.

“చూపించా. ఈ రకం ట్రిగ్గర్ని అరగదీస్తే తనకి నిద్రపట్టదట. కావాలంటే కొత్తది కొని బిగించుకోమంది. మీక్కావల్సింది ట్రిగ్గర్ కాదు, కళ్ళద్దాలు అంది. అందరి ముందూ!”

ట్రూడీ హాల్డ్‌మన్ మా ఊళ్ళో లైసెన్సున్న ఒకే ఒక్క తుపాకుల మరమ్మతుదారు. ఇక్కడ మేమంతా పెళ్ళి ఫొటో తగిలించుకునే చోట ఆవిడ ప్రభుత్వంవారి కాయితం ఫ్రేము కట్టించి తగిలించుకుంది. నేను పాల ఫ్యాక్టరీలో సీసాలు నింపే యంత్రాలను ముప్పయ్యేళ్ళు బతికించినవాణ్ణి. నాకు ఏ కాయితమూ లేదు. సెల్లార్లో ఒక పనిబల్ల, మంచి దీపం, రెండు చేతులు ఉన్నాయి.

“ఇటివ్వు బావా” అన్నాను.

నవంబరు 6, గురువారం

పూర్తయింది. వెన్నలో వేలు దిగినట్టుంది. లోపల ట్రిగ్గర్ పట్టి ఉంచే చిన్న కొక్కెం ఒకటుంటుంది, వేలిగోరు కన్నా చిన్నది. దాని అంచు మీద రాయి ఎంత నడపాలి, ఎక్కడ ఆపాలి అన్నది చేతికి తెలియాలి. పుస్తకం చదివితే రాదు. ట్రూడీ పుస్తకాలు చదివింది.

ఈనస్ బావ మెట్ల మీద కూర్చుని బీరు తాగుతూ, తన మోకాలి ఆపరేషను కథ మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు. పని అవగానే ఖాళీ తుపాకీ ఎత్తి గోడ మీది క్యాలెండరుకి గురిపెట్టి నొక్కాడు. “అమ్మనీ! తలుచుకుంటే చాలు, పడిపోతోంది!” అన్నాడు. ఇంట్లో భోజనం చల్లారిపోతోందని పెట్టెలో పెట్టుకుని పరుగెత్తాడు.

చట్టం గురించి ఒక మాట, నా మనశ్శాంతి కోసం. నా తుపాకీ నా సెల్లార్లో నేను బాగుచేసుకుంటే ఏ లైసెన్సూ అక్కర్లేదు. కావాలంటే మొత్తం తుపాకీయే చేసుకోవచ్చు, అమ్మకూడదంతే. ఇతరులవి చేయడమే జీవనోపాధిగా, లాభం కోసం పెట్టుకుంటేనే లైసెన్సు కావాలి. నా జీవనోపాధి ఫ్యాక్టరీవాళ్ళిచ్చే పింఛను. బావ తుపాకీ చేయడం లాభమా? ఆయన్ని భరించడమే నష్టం.

నవంబరు 9, ఆదివారం

ఈనస్ బావ ఒక ట్రక్కు ఓక్ కట్టెలు, నాలుగు చుట్లు పొగబెట్టిన సాసేజీ దింపి వెళ్ళాడు. ఇది లాభం కాదు, చుట్టరికం.

నవంబరు 12, బుధవారం

కాఫీ హోటల్లో బావ ప్రచారం చేసినట్టున్నాడు. నేను లోపలికి అడుగుపెట్టగానే ముగ్గురు జరిగి చోటిచ్చారు. లామార్ రీగల్ చర్చిలో పాడేవాడు, తప్పుగా ఒక్క స్వరం కూడా పలకడు, తప్పుగా ఒక్క పనీ చేయడు. అలాంటివాడు నా చెవి దగ్గరికొచ్చి “నాదీ అదే రకం. ఈనస్‌ది చేసినట్టే చేసిపెడతావా? మా అమ్మాయికి ఆ ట్రిగ్గర్ లాగడం కష్టంగా ఉంది” అన్నాడు.

“ట్రూడీ ఏమంది?”

“అదే మాట. కొత్తది కొనుక్కోమంది.”

“ఆవిడ కొట్టు కదా, కొనుక్కోమనే అంటుంది” అన్నాను. బల్ల చుట్టూ నవ్వారు. నేనూ నవ్వాను. బ్రహ్మాండంగా ఉంది ఈ హోటల్లో కాఫీ, ఇన్నాళ్ళూ గమనించనేలేదు.

నవంబరు 15, శనివారం

“ఫ్రీజరు తలుపు పట్టడం లేదు” అంది వర్నా.

“సాసేజీ ఎవరో ఇచ్చారు.”

“సాసేజీ ఒకరు, తేనె ఒకరు, కుందేలు మాంసం ఒకరు. ఏమిటిది, పెళ్ళికి చదివింపులా?”

“స్నేహితులు అభిమానంతో ఇస్తే...”

“విల్మర్, నీ అరవై మూడేళ్ళ జీవితంలో నీకు ఇంతమంది స్నేహితులు ఎప్పుడూ లేరు.”

లైసెన్సు లేకుండా ఇది వ్యాపారం కాదా అని అడిగింది. ప్రభుత్వం నా జేబు చూస్తుంది గానీ ఫ్రీజరు చూడదని చెప్పాను. రేపు ఎవడికైనా ఏదైనా అయితే ఇంటి బీమావాళ్ళు పైసా ఇవ్వరు, ఇల్లు పోతుంది అంది. ఏదైనా ఎందుకవుతుంది? చేసింది నేను కదా.

నవంబరు 18, మంగళవారం

సెల్లార్లో పని. నా రైఫిల్ ట్రిగ్గర్ కూడా తేలిక చేశాను. నాదీ బావదీ ఒకే రకం, ఒకే రోజు ఒకే కొట్లో కొన్నాం. వర్నాకి సుఖంగా ఉంటుందని.

ఏమీ కాలేదు.

నవంబరు 19, బుధవారం

ఏమీ కాలేదని రాసి వదిలేస్తే అయిపోయేది. కానీ నిద్ర పట్టలేదు, సరే.

ట్రిగ్గర్ ముట్టుకున్న ప్రతివాడూ చేసే పరీక్ష ఒకటుంది. ఖాళీ తుపాకీని కాల్చడానికి సిద్ధంగా పెట్టి, దాని మడమని, అంటే భుజానికి ఆనించే చెక్క చివరని, నేలకేసి గట్టిగా తట్టాలి. ఎవరూ ట్రిగ్గర్ ముట్టకుండానే లోపల టక్ మంటే, ఆ తుపాకీ చెయ్యి జారినా, మెట్టుకి తగిలినా దానంతటదే పేలుతుందని అర్థం. నిన్న తట్టాను. టక్ మంది.

నేల తప్పు. సిమెంటు నేల మరీ గట్టిది.

నవంబరు 20, గురువారం

రబ్బరు సుత్తితో తట్టాను. మెల్లగా. టక్.

చెక్క మీద పెట్టి తట్టాను. టక్.

వంటింట్లోంచి వర్నా “కింద ఏమిటా చప్పుడు?” అని అరిచింది. ఎలక అన్నాను.

నవంబరు 21, శుక్రవారం

ఈనస్ బావది పరీక్షించానా?

పరీక్షించే ఉంటాను. నేను పరీక్షించకుండా దేన్నీ ఇవ్వను. ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్ళలో పరీక్షించకుండా ఒక్క యంత్రం కూడా నడపనివ్వలేదు, కావాలంటే ఎవర్నైనా అడగొచ్చు. ఆరోజు బావ మోకాలి కథ, బీరు, తొందర... అయినా నా చేతులు అలవాటుగా చేసే ఉంటాయి.

అయినా నాది పాడైతే బావది పాడవ్వాలని ఎక్కడుంది? బావది చేసినప్పుడు నా చెయ్యి నిలకడగా ఉంది. నాది చేసినప్పుడు రక్తపోటు. డాక్టరే చెప్పాడు.

లామార్‌ది? ఆ పిల్ల చేతికిచ్చేముందు లామార్ చూసుకుంటాడులే. జాగ్రత్తపరుడు.

నవంబరు 22, శనివారం

ఫోను చేసి బావని అడిగాను, ఎలా ఉంది తుపాకీ అని. “పెళ్ళాం కన్నా మాట వింటోంది” అన్నాడు. ఎక్కడైనా కింద పడిందా, ఎక్కడైనా తగిలిందా అని అడిగాను. “పసిపిల్లలా చూసుకుంటున్నా బావా. ఏం, తగిలితే ఏమవుతుంది?” అన్నాడు.

“గీతలు పడతాయి” అన్నాను.

నవంబరు 23, ఆదివారం

చర్చి నుంచి రాగానే వర్నా నా రైఫిల్ అడిగింది, కాల్పుల రేంజికి వెళ్ళి గురి సరిచూసుకుంటానని. అడుగుతుందని తెలిసే నిన్న దాన్ని విప్పేసి పెట్టాను. స్ప్రింగు పాతబడింది, కొత్తది రావాలి, పండగ రద్దీలో వేటలోపు రాదు అని చెప్పాను. ఎంత బాగా చెప్పానంటే నాకే నమ్మకం కలిగింది. అంటే వర్నా చేతిలో ఆ తుపాకీ ఉండదు. సమస్య తీరిపోయింది. ఒక్క పొరపాటూ లేకుండా, ఎవరికీ తెలియకుండా. సాయంత్రం యాపిల్ పై ముక్క తిన్నాను, ఆవిడ వారించినా వినలేదు.

రాత్రి భోజనాల దగ్గర వర్నా మామూలుగా అంది: “అన్నయ్యకి ఫోన్ చేశా. తన పాత రైఫిల్ తను పట్టుకుని, నువ్వు ట్రిగ్గర్ తేలిక చేసింది నాకిస్తానన్నాడు. ఎంత బాగుందో చూద్దువుగాని అన్నాడు.”

నవంబరు 24, సోమవారం

చెప్పేస్తే సరిపోతుంది. ఒక్క వాక్యం. “వర్నా, ఆ తుపాకీ ముట్టుకోకు.” ఎందుకు అంటుంది. అప్పుడు రెండో వాక్యం. రెండో వాక్యమే కష్టం.

బదులుగా ఈనస్ బావ ఇంటికెళ్ళాను. ట్రిగ్గర్ ఇంకాస్త నునుపు చేస్తా, ఒక్కరోజు ఇవ్వు అన్నాను. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొక్కేన్నే కొత్తది తెచ్చి బిగించేసి, ఎవరికీ చెప్పకుండా ఇచ్చేద్దామని నా పథకం. అది ఎక్కడ దొరుకుతుందో అప్పటికి ఆలోచించలేదు. ఆలోచిస్తే ట్రూడీ దగ్గరే దొరుకుతుంది.

“కాల్చిన రొట్టెని మళ్ళీ పిండి చేస్తావా బావా?” అని నవ్వి, బీరువా తాళం చెవి చొక్కా జేబులో వేసుకున్నాడు. “నువ్వు చేసినదాన్ని నిన్ను కూడా ముట్టుకోనివ్వను.”

మెచ్చుకోలు ఇంత చేదుగా ఉంటుందని తెలీదు.

నవంబరు 25, మంగళవారం

వర్నాని క్యాంపుకి వెళ్ళొద్దన్నాను. మంచు పడుతుంది, నీ నడుం నొప్పి, నాకు ఇంట్లో ఒంటరిగా భయం అని వరసగా చెప్పాను.

“నువ్వు వెళ్ళలేకపోతున్నావని కుళ్ళు” అంది. “సిగ్గు లేదూ విల్మర్? నువ్వెళ్ళిన ప్రతి ఏడూ నేను ఆ క్యాంపుకి అప్పాలూ పులుసూ కట్టి పంపించాను. ఒక్క ఏడు నేను వెళ్తానంటే నీకు ఒంటరితనం వచ్చిందా?”

ఆవిడ అనుకున్నదే నాకు అనుకూలంగా ఉంది. కుళ్ళే అని ఒప్పుకున్నాను.

నవంబరు 26, బుధవారం

ఏమీ రాయాలని లేదు.

నవంబరు 27, థాంక్స్‌గివింగ్

ఈనస్ బావ కుటుంబసమేతంగా వచ్చి టర్కీ కోడి సగం తిన్నాడు. నేను ప్రార్థన చెప్పాను. ఈ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందర్నీ క్షేమంగా ఉంచినందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పాను. గొంతు బాగానే పలికింది.

తర్వాత మాటల్లో అన్నాను, మంచె మీదికి తుపాకీని తాడుతో లాగేముందు తూటాలు తీసేయాలి సుమా అని. మంచె ఎక్కినవాళ్ళు పైనుంచి తాడు వేస్తే, కింద ఉన్నవాళ్ళు తుపాకీ కడతారు. కిందినుంచి కట్టేది ఈనస్ బావ. పైన కూర్చునేది వర్నా. లాగేటప్పుడు మడమ ప్రతి మెట్టుకీ తగులుతూ వెళ్తుంది.

“నాకు నేర్పుతున్నావా బావా? నువ్వు పాలసీసాలు కడుగుతున్నప్పటినుంచీ వేటాడుతున్నా” అన్నాడు. అందరూ నవ్వారు. ఈనస్ బావ తూటాలు తీయడు. చలిలో చేతితొడుగులు విప్పడం ఆయనకి బద్ధకం. ఇది నాకు తెలుసు, అందరికీ తెలుసు, ఏటా దాని మీద జోకులేసుకుంటాం.

వర్నా నాకు గ్రేవీ అందించింది. “ఇంత నీరసంగా ఉన్నావేం? నీకిష్టమని బంగాళాదుంప కూర ఎక్కువ చేశా” అంది.

తిన్నాను.

నవంబరు 29, శనివారం, క్యాంపులో

అందరూ తెల్లారకముందే అడవిలోకి వెళ్ళారు. నేను గిన్నెలు కడిగి, కట్టెల పొయ్యి దగ్గర కూర్చుని రాస్తున్నాను. నిన్నటిది రాయాలి.

నిన్న పొద్దున వర్నా, బావ ట్రక్కులో వెళ్ళిపోయారు. వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది కూడా. ట్రక్కు మలుపు తిరిగి గంటయ్యాక నేను ఫోను తీశాను. కొండెక్కితే క్యాంపులో సిగ్నలు ఉండదని నాకు తెలుసు, అందుకే అప్పటిదాకా ఆగానేమో. రెండు మూడుసార్లు చేశాను, మాట్లాడే ప్రమాదం లేదని నిశ్చయమయ్యేదాకా.

తర్వాత నా రైఫిల్ ట్రిగ్గర్ని రుమాల్లో మూటగట్టుకుని ట్రూడీ కొట్టుకెళ్ళాను. వేట ముందురోజు, వరస బయటిదాకా ఉంది. సగంమంది కాఫీ హోటలు బల్ల దగ్గరివాళ్ళే. నా వంతు వచ్చేసరికి అందరూ చెవులు రిక్కించారు, తుపాకుల పండితుడు ట్రూడీ దగ్గరికెందుకొచ్చాడా అని.

“ఒక స్నేహితుడిది” అని రుమాలు విప్పాను.

ఆవిడ కళ్ళజోడు నుదుటి మీంచి దించి చూసింది. “మీ స్నేహితుడు తనదే చేసుకున్నాడా?”

“తనదే. సెల్లార్లో.”

“అయితే తప్పేం లేదు, బుద్ధి తప్ప. ఈ అంచు అంతా పోయింది. ఇది దేన్నీ పట్టి ఉంచదు. తీసి పారేసి కొత్తది బిగించుకోమనండి, ఇవి అమ్మడానికి కాయితాలేం అక్కర్లేదు.” సొరుగులోంచి ఒక చిన్న పొట్లం తీసి నా ముందు పెట్టింది. “ఇంకెవరిదైనా చేశాడా?”

నేను పొట్లం మీద అక్షరాలు చదువుతున్నట్టు నటించాను.

“విల్మర్ గారూ, ఆ రెండో తుపాకీ ఇప్పుడెక్కడుంది?”

“మా ఆవిడ దగ్గర” అన్నాను.

వరసలో ఎవరో దగ్గారు. ఆవిడ వెక్కిరిస్తుందని ఎదురుచూశాను. రెండు వారాలుగా కాఫీ హోటల్లో నేనన్న మాటలన్నీ ఆవిడకి చేరే ఉంటాయి. వెక్కిరించి ఉంటే నాకు సులువయ్యేది, తిరిగి ఒక మాట అనేవాణ్ణి.

“మరి ఇక్కడేం చేస్తున్నారు?” అంది.

మట్టిరోడ్డు మీద మంచు పడుతోంది. క్యాంపు చేరేసరికి మసక చీకటి. లోపల పేకాట, ఉల్లిపాయల వాసన, గోడ నిండా చొక్కా ముక్కలు. నన్ను చూసి ఈనస్ బావ “చూశారా, ఉండలేకపోయాడు! డాక్టర్ని మోసం చేసి వచ్చేశాడు!” అని కుర్చీ లాగాడు. వర్నా మాత్రం లేచి నిలబడింది. “ఏమైంది? ఎవరికైనా ఏమైనా అయిందా?”

దారంతా మంచి వాక్యాలు తయారుచేసుకున్నాను. లోహం నాణ్యత, ఉష్ణోగ్రత, తయారీ లోపం, చాలా ఉన్నాయి. ఏదీ బయటికి రాలేదు.

“బావ తుపాకీ తగిలితే పేలుతుంది. నేను పాడుచేశాను” అన్నాను.

ఈనస్ బావ నవ్వాడు. “ఊరుకో బావా. రేపు నాకు జింక దొరుకుతుందని నీ ఏడుపు.”

వర్నా నవ్వలేదు. మూల నిలబెట్టిన రైఫిల్ తెచ్చి, గొట్టం గోడవైపు తిప్పి, లోపల చూసి, వేలు పెట్టి తడిమి, ఖాళీ అని ఈనస్‌కి చూపించి, సిద్ధం చేసింది. మడమని చెక్కనేలకేసి తట్టింది. అంత గట్టిగా కూడా కాదు.

టక్.

ఈనస్ బావ ఆవిడ చేతిలోంచి తీసుకుని తను తట్టాడు. టక్. ఇంకోసారి. తర్వాత దాన్ని పేకముక్కల మీద పడుకోబెట్టి చేతులు తుడుచుకున్నాడు. ఆయన మొహం అలా ఎప్పుడూ చూడలేదు, వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా.

“దీన్ని నేను రేపు తాడు కట్టి పైకి పంపేవాణ్ణి బావా” అన్నాడు. “నా చెల్లెలికి.”

“తూటాలు తీసే పంపేవాడివిగా” అన్నాను. ఇప్పటికీ నాకు అర్థం కాదు, అప్పుడు కూడా ఆ తప్పులో కాస్త ఆయన పళ్ళెంలోకి తోయాలని నాకెలా తోచిందో.

వర్నా నా కోటు మీది మంచు చూస్తూ అడిగింది. “ఎప్పుడు తెలిసింది నీకు?”

నిన్న అని చెప్పొచ్చు. పొద్దున అని చెప్పొచ్చు. పొద్దున తెలిసి సాయంత్రానికి మంచులో పరుగెత్తుకొచ్చిన భర్త, ఎంత బాగుంటుంది.

“పోయిన మంగళవారం కాదు, అంతకుముందు మంగళవారం” అన్నాను.

ఆవిడ ఏదో వెతుకుతున్నట్టు నా మొహంలోకి చూసింది. “నిన్న నేను నీకు గ్రేవీ వడ్డించాను” అంది. “నువ్వు తిన్నావు.” అంతే. పై మంచం మీదికెక్కి గోడవైపు తిరిగి పడుకుంది.

ఈ పొద్దున ఈనస్ పాత రైఫిల్ తీసుకుని వెళ్ళింది, బావ తుపాకీ లేకుండానే వెంట నడిచాడు. దానిదీ ముక్కుతాడు ట్రిగ్గరే, సురక్షితం. నా కోసం కాఫీ ఉంచలేదు. ఆ పాడైపోయిందాని లోపలి భాగాలు నేను తీసేసి, ట్రూడీ ఇచ్చింది బిగించాను. పరీక్షించాను. పదేపదే పరీక్షించాను. ఇప్పుడది ఎంత తట్టినా నోరెత్తదు.

బయట తుపాకులు పేలుతున్నాయి. కొండ అవతల ఒకటి, వాగు దగ్గర రెండు. వర్నా చేతిలో ఉన్నది మంచిదే అని తెలిసి కూడా ప్రతిదానికీ ఉలిక్కిపడుతున్నాను. ఎందుకా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. అంత ఆలోచించాల్సిన పని లేదు.

లామార్‌ది ఉంది. తేనె ఇచ్చినాయనది ఉంది. కుందేలు మాంసం ఇచ్చినవాళ్ళ అబ్బాయిది ఉంది. అందరూ ఇప్పుడు ఏదో ఒక చెట్టు మీద ఉన్నారు. నిన్న ఈ గదిలో నిలబడి ‘బావ తుపాకీ’ అన్నాను. ఒక్కటే అన్నట్టు అన్నాను.

నవంబరు 30, ఆదివారం, ఇంట్లో

నిన్న మధ్యాహ్నం వర్నా ఒట్టి చేతులతో తిరిగొచ్చింది. బూట్లు విప్పుతుంటే ఎదురుగా నిలబడి చెప్పాను, ఇంకా ఉన్నాయని. ఎవరెవరివో పేర్లు చెప్పాను. ఈసారి ఏదీ దాచలేదు. ఆవిడ విప్పిన బూటు మళ్ళీ తొడుక్కుంది. ఎన్నో ఏళ్ళ తర్వాత వచ్చిన వేట మొదటిరోజు సగంలో వదిలేసి, నా ట్రక్కు తాళాలు నా జేబులోంచి తనే తీసుకుని, తనే నడిపింది. ఈనస్ బావ గుమ్మంలో నిలబడి చూశాడు గానీ చెయ్యి ఊపలేదు.

కొండ దిగుతుంటే కంకర గుట్టల మలుపు దగ్గర ఫోనుకి సిగ్నలు వస్తుంది. అక్కడ ట్రక్కు పక్కకి తీసి ఆపింది. ఇంజను ఆపేసింది. ఫోను నా ఒళ్ళో పెట్టింది.

ముందు లామార్‌కి చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

“విల్మర్! నేనే చేద్దామనుకుంటున్నా. మా అమ్మాయికి మొదటి జింక! పొద్దున్నే! నీ ట్రిగ్గర్ ధర్మమే అని ఇంట్లో అందరికీ చెబుతున్నా. ఆగు, దానికిస్తా, తనే నీకు థాంక్స్ చెబుతానంటోంది...”

“ఇవ్వొద్దు” అన్నాను. “లామార్, విను. ఆ తుపాకీ ఎక్కడుంది?”

“వెనక వరండాలో గోడకి ఆనించి ఉంది. ఏం?”

“లోపల తూటాలున్నాయా?”

“ఉండే ఉంటాయి. హడావిడిలో జింకని మోసుకొచ్చాం కదా. ఏం విల్మర్?”

చెప్పాను. జాగ్రత్తగా ఎత్తి, గొట్టం బయటికి తిప్పి, తూటాలు తీసేయమన్నాను. నేను లైన్లో ఉంటానన్నాను. అటు తలుపు చప్పుడు, “అమ్మా, నువ్వు లోపలికి వెళ్ళు” అనే మాట వినపడ్డాయి. నా పక్కన వర్నా స్టీరింగు పట్టుకున్న చేతులు తీయలేదు. తర్వాత అటు ఇనుము కదిలిన చప్పుడైంది. లామార్ మళ్ళీ ఫోనులోకి వచ్చేసరికి ఊపిరి వినపడుతోంది.

“తీశాను” అన్నాడు. “ట్రూడీ నాకు చెప్పింది విల్మర్. స్పష్టంగా చెప్పింది. నువ్వు నవ్వావు.”

“అవును” అన్నాను. “సోమవారం పొద్దున ట్రూడీ దగ్గరికే తీసుకెళ్ళు. నా దగ్గరికి తేవొద్దు.”

ఆయన పెట్టేశాడు. థాంక్స్ చెబుతానన్న ఆ పిల్ల గొంతు వెనక ఎక్కడో ‘ఏమైంది నాన్నా’ అంటూ ఆగిపోయింది. నేను ఫోను ఒళ్ళో పెట్టుకుని, కాస్త ఊపిరి తీసుకుని, ఇక ఇంటికెళ్ళాక చేద్దాం, కాఫీ తాగి, కాస్త స్థిమితపడి, అని చెప్పడానికి వర్నావైపు తిరిగాను.

ఆవిడ రోడ్డువైపే చూస్తోంది. శుక్రవారం రాత్రి నుంచి నాతో మాట్లాడలేదు.

“తర్వాత ఎవరు?” అంది.